ఫైలు వచ్చింది, తెలుగు రాలేదు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి. పాత యంత్రాలు చాలావాటిలో అది లేదు. దాంతో హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం లాంటి చోట్ల పెళ్లిపత్రికలు, కరపత్రాలు చేసే డీటీపీ సెంటర్లకు కొత్త కంప్యూటర్ కొనాల్సి రావచ్చు.

కొత్త కంప్యూటర్లోకి ఫైళ్లు తేలిగ్గానే వస్తాయి. పాత హార్డ్ డిస్క్ ఊడదీసి యూఎస్‌బీ కేసులో పెట్టి తగిలిస్తే చాలు. అప్లికేషన్ అలా రాదు. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే అది కొన్ని ఫైళ్లను సిస్టమ్ ఫోల్డర్లలో సర్దుకుంటుంది, సెట్టింగులు రిజిస్ట్రీలో రాసుకుంటుంది. దాని ఫోల్డర్ ఒక్కటే కాపీ చేస్తే ఇవన్నీ పాతదాంట్లోనే మిగిలిపోతాయి. పైగా యంత్రం తీరే మారిపోవచ్చు. ఉదాహరణకు, నాచారానికి దగ్గర్లోని ఈసీఐఎల్ సంస్థ చేసిన పాత కంప్యూటర్లలో టీడీసీ-12 పన్నెండు బిట్లది, తర్వాతి టీడీసీ-316 పదహారు బిట్లది. ఒకదానికి రాసిన ప్రోగ్రాం రెండోదానికి నేరుగా అర్థం కాదు. విండోస్ 11 అరవైనాలుగు బిట్లది కాబట్టి, విండోస్ 3.1 నాటి పదహారు బిట్ల ప్రోగ్రాములు అందులో నడవవు.

తెలుగువాళ్లకు అసలు కష్టం ఇంకోచోట ఉంది. డీటీపీ సెంటర్లు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 (2001)కు, ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్ తెలియదు. అందుకే అను లాంటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంఖ్యల్లోనే మన తలకట్టునూ గుడినీ ఒత్తునూ కూర్చోబెట్టాయి. ఫైల్లో ఉండేవి ఆ సంఖ్యలే. వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఫాంటు. ఆ ఫాంటు కొత్త కంప్యూటర్లో లేకపోతే పెళ్లిపత్రిక నిండా అర్థంలేని రోమన్ అక్షరాలు కనిపిస్తాయి. ఫైలు పాడైందనుకుని తీసేస్తే ఎంతో శ్రమ మట్టిపాలవుతుంది. నిజానికి అందులో ఒక్క బిట్టూ చెడలేదు.

యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు సొంత చోటుంది. అక్కడ ‘అ’ 3077, ‘క’ 3093. ఏ ఫాంటు వేసినా ఆ సంఖ్యలు మారవు, వెతికితే మాట దొరుకుతుంది.

కాబట్టి పాత కంప్యూటర్ ఇంకా నడుస్తుండగానే ఫాంట్లను విడిగా భద్రపరచాలి. ముఖ్యమైన పేజీలను పీడీఎఫ్‌గా తీసుకోవాలి. అందులో ఫాంటు ఇమిడి ఉంటే రూపం చెదరదు. మళ్లీ దిద్దుకోవలసిన పాఠాన్ని మాత్రం కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి. ఒక్కో ఫాంటు కుటుంబానిది ఒక్కో సంఖ్యల పట్టిక కనుక, కన్వర్టర్లో సరైన పేరు ఎంచుకోకపోతే ఒత్తులూ గుణింతాలూ తారుమారవుతాయి. మార్చాక పేర్లు, తేదీలు ప్రింటు కాపీతో సరిచూడటం తప్పనిసరి.