రొద పుట్టుపూర్వోత్తరములు

మద్దెల వాయించువాడు పాటకు ముందు శ్రుతి చూచుకొనును. హార్మోనియము వాయించువాడు తిత్తి నొకసారి ఆడించి చూచును. ఇపుడు పాట మైకుగుండ పోయి యంత్రములలో నిలువచేయబడుచున్నది గనుక, చూచుకొనవలసినది మరియొకటి వచ్చినది. ఎవరును పాడనపుడు యంత్రము ఊరకున్నదా, లేదా? ఊరకుండనిచో కారణమును ఎట్లు వెదుకవలెనో, ఆ వెదుకులాటలో ఏ పని ప్రాణము మీదికి తెచ్చునో, నా యనుభవమునుబట్టి విన్నవించెదను.

మాది ఇస్నాపూరు. 65వ నెంబరు జాతీయ రహదారి మీద, పటాన్‌చెరు దాటి సంగారెడ్డికి పోవు త్రోవలో నున్నది. చేరువనే పాశమైలారము కార్ఖానాలు గలవు. మోటారుల హోరును, లారీల మ్రోతయు మా చెవులకు అలవాటైనవి. అందుచేత ఎచ్చట ఏ రొద వినవచ్చినను కార్ఖానాల మీద నెపము మోపుట మాకు సులభము.

మా భజనమండలివారు తమ పాటలను కంప్యూటరులో నిలువచేయగోరి నన్ను పిలిచిరి. గుడి మండపమున యాంప్లిఫయరును, మిక్సరును పెట్టితిమి. కంప్యూటరును ప్రక్కగదిలో నుంచి, ధ్వని పోవు తీగను కిటికీగుండ లాగితిమి. స్విచ్చి వేయగనే, పాటకన్న ముందు 'గుంయ్' మని మంద్రమైన రొద బయలుదేరినది. "ఇది కార్ఖానాల కరెంటు చేయు పని" అని అందరును తీర్మానించిరి. ఒక పిల్లవాడు నా చెవిలో, "కాకా, ప్లగ్గుకున్న లావు పుల్ల ఇరగ్గొడితే రొద పోతది" అనెను. వాని మాట అబద్ధము కాదు. అట్లు చేసిన రొద పోయెడిదే. అపాయ మందులోనే యున్నది. దాని సంగతి తరువాత చెప్పెదను.

నాడి చూడక మందిచ్చుట వైద్యము కాదు. రొదనుగూడ మొదట చెవితో పోల్చవలెను. మన దేశమున ఇండ్లకు వచ్చు కరెంటు సెకనుకు 50 మారులు అటునిటు ఊగును. 'గుంయ్' మను మంద్రధ్వని వినబడెనా, ఆ కరెంటే పాట త్రోవలో దూరినదని యెఱుగవలెను. యంత్రములోని కెపాసిటరు ఎండిపోయినచో 100 మారులు ఊగు రొద పుట్టును. ఇది మరికొంత హెచ్చు స్థాయిలో నుండును. వాల్యూము త్రిప్పునపుడు 'కరకర' మనినచో లోన దుమ్ము చేరినదనుకొనవలెను. తీగను కదలించినపుడే రొద వచ్చి పోవుచున్నచో అతుకు ఊడినదన్నమాట. సెల్‌ఫోను దగ్గరనుండుటచేతను ఒకప్పుడు 'టకటక' మని వినబడును.

పోల్చిన పిదప వెదకవలెను. వెదకుటకు నియమ మొక్కటే: ఒక మారు ఒక్క మార్పే చేయవలెను. నాలుగు తీగలను ఒక్కసారి మార్చితిమేని, రొద పోయినను దేనివలన పోయినదో తెలియదు. మరునాడు తిరిగి వచ్చినచో మరల మొదటికి పోవలెను. కావున వాల్యూములు తగ్గించి, యాంప్లిఫయరుకు తగిలించిన ధ్వని తీగలనన్నిటిని తీసివేసితిని. యంత్రము ఊరకున్నది. మిక్సరును తగిలించితిని. ఊరకున్నది. మైకులను తగిలించితిని. అపుడును ఊరకున్నది. కంప్యూటరు తీగ తగిలించితిని; రొద లేచినది. కంప్యూటరునుండి చార్జరును ఊడదీసి బ్యాటరీ మీద నడిపితిని, రొద నిలిచిపోయినది. అంతసేపును కార్ఖానాలు నడచుచునే యున్నవి. దోషము మా తీగలలోనిదే.

అది ఎట్లనగా: యాంప్లిఫయరు మండపములోని ప్లగ్గునుండియు, చార్జరు గదిలోని ప్లగ్గునుండియు కరెంటు తీసికొనుచుండెను. రెంటికిని ఎర్తు తీగ గలదు. కాని రెండుచోట్ల ఎర్తుల మట్టము ఒక్కటిగా లేదు. కాలువతో కలిపిన రెండు చెరువుల మట్టములు వేఱైనచో నీరు ప్రవహించును గదా. అట్లే ధ్వని తీగకు పైనుండు జాలు ఆ రెండు ఎర్తులను కలిపి కాలువయై, దానిగుండ కరెంటు పారి పాటతో కలిసినది. రెండు యంత్రములను ఒకే ప్లగ్గుబోర్డునకు తగిలించితిని. రొద దాదాపు పోయినది.

మిగిలిన కొంచెమునకు కారణము వేఱు. ధ్వని తీగయు కరెంటు తీగయు కిటికీగుండ జంటగా పోవుచుండెను. మారుచుండు అయస్కాంతబలము ప్రక్క తీగలో కరెంటు పుట్టించునని 1831లో మైకేల్ ఫారడే కనుగొనెను. ఆ సూత్రమే మా కిటికీలోను పనిచేసినది. తీగలను ఎడముచేసి, దాటక తప్పనిచోట అడ్డముగా దాటించితిని. తరువాత మూడు తీగల కార్డు వేసితిని. అందు రెండు తీగలలో పాట ఎదురెదురుగా పోవును. దారిలో దూరిన రొద మాత్రము రెంటిలోను ఒకే తీరున నుండును. తుదిలోనున్న యంత్రము రెంటి భేదమును మాత్రమే గ్రహించును గనుక రొద కొట్టివేయబడి పాట మిగులును.

ఇక లావు పుల్ల సంగతి. మూడుపుల్లల ప్లగ్గులో లావుగను పొడవుగను ఉండు పుల్ల ఎర్తుది. యంత్రములో కరెంటు తీగ తెగి ఇనుప పెట్టెకు తగిలెననుకొనుడు. ఎర్తు ఉన్నచో కరెంటు భూమిలోనికి పారి, ఫ్యూజు కాలి, సరఫరా ఆగును. పుల్ల విఱిచినచో, 230 వోల్టుల కరెంటు పెట్టెమీదనే పొంచియుండును. అచ్చటినుండి తీగగుండ మైకునకు వచ్చును. మైకు లోహపుది, పాడువాని పెదవులు దానికి తగులును, కాళ్లు తడిసిన గుడిబండ మీద నుండును. ఆ కరెంటునకు వాని దేహమే త్రోవ యగును. ఆ పుల్ల విఱిచిననాడు రొద పోయినదని అందరును సంతోషింతురు. మృత్యువు చప్పుడు చేయక కూర్చుండును.

ఎంత శ్రమపడినను 'సుయ్' మను సన్నని ధ్వని కొంచెము మిగులును. దానికి వెఱవ నక్కరలేదు. తీగలోని వేడిమిచేతనే అట్టి సవ్వడి పుట్టునని జాన్సను, నైక్విస్టు అను శాస్త్రజ్ఞులు 1928లో ప్రకటించిరి. పాడువారు మైకునకు దగ్గరగా నిలిచినచో పాట హెచ్చి, అది అణగిపోవును.

పెద్దలారా, తీగలు మార్చు పని పిల్లలు చేయగలరు. గుడికిని బడికిని ఎర్తు వేయించుట మీ చేతులలోనిది. రాబోవు ఉత్సవమునకు ముందే ఎలక్ట్రీషియనును పిలిపించి ఎర్తు గుంతను పరీక్షింపజేయుడు. వేసవిలో మన్ను ఎండి ఎర్తు బలహీనపడును గనుక గుంతలో నీరు పోయించుడు. 30 మిల్లీఆంపియరుల కరెంటు దారితప్పినంతనే సరఫరా నాపు స్విచ్చిని బోర్డులో పెట్టించుడు. ప్లగ్గులన్నిటిని మీరే చూడుడు. లావు పుల్ల లేనిది కనబడినచో ఆ యంత్రమును ఆ రాత్రి వాడనీయకుడు. పాట ఒకనాడు ఆగినను నష్టము లేదు.