చెరువు గట్టున నిస్తంత్రి కావలి

గూడూరునకు తూర్పున, చిల్లకూరు, కోట, వాకాడు ప్రాంతములలో, ఉప్పుగాలి తగులు నేలలలో రొయ్యల చెరువులు విరివిగా ఉన్నవి. పగలు చూచువారికి అవి నిశ్చలముగా తోచును గాని, వాటికి అసలు పరీక్ష రాత్రివేళ జరుగును. నీటిలోని పచ్చని సూక్ష్మజీవులు ఎండలో ప్రాణవాయువును విడుచును. చీకటిపడిన పిదప అవియు, రొయ్యలును, అడుగుననున్న బురదయు కలిసి ఆ వాయువునే హరించును. అందుచేత తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు కనిష్ఠమగును. లీటరునకు 4, 5 మిల్లీగ్రాములు ఉండవలసినది 3కు దిగువకు జారినచో రొయ్యలు తల్లడిల్లును. నీటిని చిలికి గాలి కలుపు ఏరేటర్లు ఉన్నది ఇందుకే. సరిగా ఆ వేళకు కరెంటు పోయి, కాపలాదారు కునుకు తీసినచో, నెలల తరబడి పెట్టిన మేత, పడిన శ్రమ, తెచ్చిన అప్పు ఒక్క జాములో నీటిపాలగును.

ఇట్టి చోట కొద్ది వందల రూపాయలకు దొరకు చిన్న బోర్డు ఒకటి కావలి కాయగలదు. అందలి ముఖ్యభాగము ఇ.ఎస్.పి. 8266 అను చిప్పు. షాంఘై నగరమందలి ఎస్ప్రెసిఫ్ సంస్థ దీనిని 2014లో విడుదల చేసినది. లెక్కించు యంత్రమును, రేడియో ప్రసారిణియు, గ్రాహకమును ఆ ఒక్క చిప్పులోనే ఇమిడి ఉన్నవి. దానిని యు.ఎస్.బి. తీగతో కంప్యూటరునకు కలుపుటకు వీలుగా అమర్చిన బోర్డును నోడ్ ఎం.సి.యు. అందురు.

రేడియో కలిగిన ఇంటివారికి దీని స్వభావము తెలియుట కష్టము కాదు. శ్రోతలకు చిరపరిచితమైన విజయవాడ 837 కిలోహెర్ట్జ్ ప్రసారపు తరంగము పొడవు సుమారు 358 మీటర్లు. ఈ బోర్డు పలుకునది 2.4 గిగాహెర్ట్జ్‌పైన, ఆ తరంగము పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు మాత్రమే. కావుననే దీని ఏరియలు బోర్డుపై గీసిన చిన్న రాగి గీతగా సరిపోవుచున్నది. కాని పొట్టి తరంగమునకు ఓపిక తక్కువ. నీరు దానిని మింగివేయును. తడిసిన సరుగుడు తోట అడ్డముగా నిలిచినను మాట అందదు. ఒకప్పుడు రేడియో వినుటకే తపాలా కార్యాలయములో లైసెన్సు రుసుము చెల్లించిన కుటుంబములకు మరియొక సంగతి వింతగా ఉండవచ్చును: ఈ పౌనఃపున్యముపై తక్కువ శక్తితో ప్రసారము చేయుటకు 2005 నాటి కేంద్రప్రభుత్వ నియమముల ప్రకారము లైసెన్సు అక్కరలేదు.

ఇక బోర్డును మేలుకొలుపు విధము. మొదటి చిక్కు తరచు తీగలోనే ఉండును. ఫోనుతో వచ్చు కొన్ని తీగలు కరెంటును మాత్రము మోయును, మాటలను మోయవు. దీపము వెలుగును గాని కంప్యూటరు బోర్డును గుర్తింపదు. తీగ మార్చినను గుర్తింపనిచో, బోర్డు మీది సి.హెచ్. 340 లేక సి.పి. 2102 అను అనుసంధాన చిప్పునకు తగిన డ్రైవరును కంప్యూటరులో చేర్చవలెను. పిదప ఉచితముగా లభించు ఆర్డ్యూయినో ప్రోగ్రామును తెరచి, అమరికలలో ఇ.ఎస్.పి. 8266 వారి చిరునామాను చేర్చి, బోర్డుల పట్టికనుండి నోడ్ ఎం.సి.యు.ను ఎన్నుకొనవలెను. తొలుత దీపమును ఆర్పి వెలిగించు చిన్న ఆజ్ఞను పంపి చూచుట ఆచారము. ఇచట తలక్రిందులైన విషయమొకటి కలదు: బోర్డు మీది దీపము, ఒకటి అనినప్పుడు ఆరును, సున్న అనినప్పుడు వెలుగును. బోర్డు మేలుకొనునప్పుడు తెరపై అర్థములేని అక్షరములు కానవచ్చినను కలవరపడనక్కరలేదు. ఆ తొలి పలుకుల వేగము 74,880. మనము సాధారణముగా చదువు వేగము 1,15,200. ముల్లు స్టేషనుపై సరిగా నిలువని రేడియో వంటిదే ఇదియు.

వై-ఫై పేరును, సంకేతపదమును తెలిపినంతనే బోర్డు ఇంటి రౌటరుతో కలియవలెను. కలియనిచో, రౌటరు 5 గిగాహెర్ట్జ్‌పై మాత్రమే పలుకుచున్నదేమో చూడవలెను. ఆ భాష ఈ చిప్పునకు రాదు.

ప్రాణసంకటమైనది వోల్టేజి. ఈ చిప్పు 3.3 వోల్టులది. ఏరేటరునకు పోవు కరెంటును బోర్డునకు తెలుపుటకు సురక్షితమైన మార్గము, స్టార్టరు తరువాతి లైనుపై సాధారణ 5 వోల్టుల ఫోను ఛార్జరు నొకదానిని బిగించుట. ఆ 5 వోల్టులను 10, 20 కిలో ఓముల రెసిస్టర్ల జంటతో విభజించి, 20 కిలో ఓముల దాని కొసలనుండి తీసికొనినచో 3.33 వోల్టులు వచ్చును. దానిని డి-1 అను కాలికి కలుపవలెను. డి-3, డి-4, డి-8 కాళ్లు బోర్డు మేలుకొనునప్పుడు వేరు పనిలో ఉండును గనుక వాటిని తాకకుండుట మేలు. స్టార్టరు వద్ద పని మాత్రము ఎలక్ట్రీషియనునకే విడువవలెను. మోటారు తీగ బోర్డు దరిదాపులకు రాకూడదు.

ఇంతవరకు చేసి ఊరకున్నవారు పెక్కుమంది. "కరెంటు పోయినచో వార్త పంపుము" అని బోర్డునకు ఆజ్ఞ ఇచ్చి నిశ్చింతగా నిద్రింతురు. కాని కరెంటుతోపాటు రౌటరు ఆరినచో ఆ వార్త ఎట్లు వచ్చును? ఉప్పు పట్టి బోర్డే చెడినచో? ఏమియు వినరాని ఆ స్థితిని ఇంటివారు క్షేమమని భావింతురు. రేడియో కేంద్రములో పనిచేయువారికి మౌనము సంగతి చక్కగా తెలియును. ప్రసారము నడుమ కొన్ని క్షణములు నిశ్శబ్దమైనచో మేము గడియారము చూడము, లేచి పరుగెత్తుదుము.

ఈ చిక్కును 1999లోనే ఎరిగి చక్కబెట్టినవారు ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్. ఎడారులలోని చమురు గొట్టముల క్షేమమును ఉపగ్రహముద్వారా తెలిసికొనుటకై వారు ఎం.క్యు.టి.టి. అను సంభాషణ పద్ధతిని రూపొందించిరి. అందులో వీలునామా అను ఏర్పాటు కలదు. బోర్డు తొలుత సంబంధము కలుపుకొనునప్పుడే, "నేను చెప్పకుండ మాయమైనచో ఈ మాటను నావారికి చేరవేయుడు" అని మధ్యవర్తియైన సర్వరునకు అప్పగించును. నిమిషమున కొకమారు కుశలము పంపుదునని బోర్డు మాట ఇచ్చినచో, ఒకటిన్నర నిమిషములు ఏ పలుకును రాకపోయిన పిమ్మట సర్వరు ఆ వీలునామాను చదివి వినిపించును. కరెంటు పోయెనా, రౌటరు ఆరెనా, బోర్డు చచ్చెనా అను విచారణ తరువాత. ముందు ఫోను మ్రోగును. ఆ సర్వరు మాత్రము చెరువు లైనుపై ఉండకూడదు. వేరు ఊరిలోనిదైన మరియు మంచిది. ఫోనుకును తన సంబంధము తెగినప్పుడు తానే మ్రోగు ఏర్పాటు ఉండవలెను. బోర్డునకును, రౌటరునకును బ్యాటరీ ఉన్నచో, "కరెంటు పోయినది" అను స్పష్టమైన వార్తయే ముందుగా వచ్చును. ఎల్లప్పుడు మేలుకొని యుండు బోర్డు సుమారు 80 మిల్లీఆంపియర్లు తీసికొనును గనుక రోజునకు 2 ఆంపియర్-గంటల లెక్కన బ్యాటరీని ఎంచుకొనవచ్చును.

రౌటరు దూరముగా నున్న చెరువులకు వై-ఫై చాలదు. అట్టిచోట 865 మెగాహెర్ట్జ్ దాపున పలుకు లోరా అను పద్ధతి తగును. చదునైన ఆ కోస్తా నేలలో అది కొన్ని కిలోమీటర్లు పోగలదు.

ఈ కావలి చెప్పునది మోటారునకు కరెంటు చేరెనని మాత్రమే; చక్రము తిరిగెనని కాదు, నీటిలో ప్రాణవాయువు ఉన్నదనియు కాదు. ప్రాణవాయువును కొలుచు పరికరములు ఖరీదైనవి. నీటిలో నాచు పట్టుటచే వాటిని తరచు తుడిచి సరిచూడవలసియుండును. కనుక గట్టుమీది మనిషిని మాన్పించుట తగదు.

బోర్డును ప్లాస్టికు పెట్టెలోనే ఉంచవలెను. ఇనుప పెట్టెలో రేడియో తరంగము చిక్కుకొనిపోవును. తీగలు దూరు రంధ్రములు క్రిందివైపున ఉండవలెను. మొదటి వారము ప్రతి సాయంకాలము, కాపలాదారునకు చెప్పి, ఒకమారు ఛార్జరును, మరియొకమారు రౌటరును, ఇంకొకమారు బోర్డు బ్యాటరీని ఊడదీసి, ఇంటివద్ద ఫోను ఎన్ని నిమిషములకు మ్రోగినదో కాగితముపై వ్రాసి, ఆ కాగితమును పెట్టె మూతకు లోపల అంటించవలెను.