కూలికి తుపాకి పట్టినవాడు హీరోనా?

1971లో వచ్చిన “మోసగాళ్లకు మోసగాడు” మన దేశంలో తొలి కౌబాయ్ చిత్రమని పేరు పొందింది. కృష్ణగారు హీరో, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకులు, రచన ఆరుద్రగారిది. ఎడారి దృశ్యాలు రాజస్థాన్‌లో తీశారు. దానికి ఒరవడి ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనె చిత్రాలు. 1965 నాటి “ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్”లో క్లింట్ ఈస్ట్‌వుడ్ నేరస్థుల తలలకు కట్టిన వెల కోసమే తుపాకి పడతాడు.

ఈ బాపతు సినిమాల మీద మా గుత్తిలో నేను విన్న అభిప్రాయాలు రెండు రకాలు. “గుర్రాలూ గుండ్లూ తప్ప కతేముందప్పా?” అని పెద్దలు. “ఆ గుట్టలూ ఆ దుమ్మూ అచ్చం మన ఊరే గదా!” అని కుర్రకారు. డబ్బుకు పోరాడేవాణ్ణి హీరో అనటమేమిటన్నదే పెద్దల అసలు బాధ.

మరి మన కోట మాటేమిటి? గుత్తినేలిన మురారిరావు ఘోర్పడే తన గుర్రపు దండును సొమ్మిచ్చినవారి పక్షాన నడిపినవాడే గదా! 1751లో ఆర్కాటు దగ్గర క్లైవుకు సాయం వచ్చాడు, 1753లో ఫ్రెంచివారి వైపు చేరాడు. అయినా ఆయన్ని వీరుడనే చెప్పుకుంటాం. ఎందుకంటారా? లియోనె హీరోకు ఊరూ లేదు, ఇల్లూ లేదు; సొమ్ము తీసుకుని గుర్రమెక్కి పోతాడు. మురారిరావుకు గుత్తి ఉండేది. 1776లో హైదరలీ ముట్టడించినప్పుడు కొండమీద నీళ్లు కరువయ్యేదాకా ఆయన లొంగలేదు. నీటి కరువంటే ఏమిటో మనకు వేరే చెప్పాలా!