కళాశాల ఎదుట వెలిగే మొదటి సిగరెట్టు

 

అల్లాహ్‌ను స్తుతించి, ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) వారిపై దరూద్ పంపిన పిదప, మన ఇళ్లలో అందరికీ తెలిసినా ఎవరూ నోరు విప్పని ఒక విషయాన్ని ఈనాడు మీ ముందు ఉంచదలచాను. ఇంటర్మీడియెట్ పూర్తయ్యేదాకా సిగరెట్టు ముట్టని మన పిల్లవాడు డిగ్రీకో ఇంజనీరింగుకో వెళ్లిన ఏడాది రెండేళ్లలో పొగత్రాగేవాడిగా ఎలా మారుతున్నాడు?

“పిల్లవాడు చెడిపోయాడు” అని మనం అంటాము. అది సమాధానం కాదు, తీర్పు. విచారణ లేకుండా తీర్పు చెప్పడం మన ధర్మం అంగీకరించదు. కనుక ముందు విచారిద్దాం.

2016-17లో మన దేశంలో జరిగిన వయోజనుల పొగాకు సర్వే ప్రకారం పురుషులలో 19 శాతం మంది, స్త్రీలలో 2 శాతం మంది పొగత్రాగుతున్నారు. పొగాకు వాడకం మొదలయ్యే సగటు వయస్సు 18.9 సంవత్సరాలని కూడా ఆ సర్వే తెలిపింది. కర్నూలు నుండో, కడప నుండో, నిజామాబాదు నుండో ఒక కుర్రవాడు పెట్టె సర్దుకొని హైదరాబాదు హాస్టలుకు బయలుదేరే వయస్సు కూడా దాదాపు అదే. ఇల్లు వదిలిన వయస్సూ, పొగ మొదలైన వయస్సూ పక్కపక్కనే ఉండడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

హాస్టలులో అతని మొదటి నెలను ఊహించండి. భోజనాల గదిలో పక్కన కూర్చునేవాడు లేడు. ఎవరి ముందు మాట్లాడాలన్నా బెరుకు. ఒక సాయంత్రం నలుగురు సీనియర్లు “రా తమ్ముడూ, చాయ్ తాగుదాం” అని ఇరానీ హోటలుకు తీసుకువెళ్తారు. చాయ్ వస్తుంది, దానితో పాటు ఒక సిగరెట్టు చేతులు మారుతుంది. “ఒక్క దమ్ము” అంటారు. అతనికి పొగాకు మీద కోరిక లేదు. దగ్గు వస్తుంది, తల తిరుగుతుంది. అయినా కాదనడు. ఎందుకంటే అతను తీసుకుంటున్నది సిగరెట్టు కాదు, ఆ బల్ల దగ్గర ఒక కుర్చీ. పొగాకు కంటే ముందు అతనికి ఒంటరితనం ఉంది. మనం సిగరెట్టును చూస్తాము, ఒంటరితనాన్ని చూడము.

మంచి స్నేహితుణ్ణి కస్తూరి అమ్మేవానితోనూ, చెడు స్నేహితుణ్ణి కొలిమి తిత్తి ఊదేవానితోనూ దైవప్రవక్త (స) పోల్చిన హదీసు మీరు ఎన్నోసార్లు విన్నదే. కొలిమి దగ్గర కూర్చున్నవానికి పొగ తప్పదు. అయితే ఆ హదీసుకు రెండవ వైపు కూడా ఉంది. కస్తూరి అమ్మేవాడు ఎక్కడ ఉన్నాడు? పరాయి ఊరి నుండి వచ్చిన ఆ కుర్రవాణ్ణి మన మస్జిదులో ఎవరైనా పేరు పెట్టి పిలిచారా? ఒక శుక్రవారం భోజనానికి ఇంటికి తీసుకువెళ్లారా?

రెండవ కారణం మన ఇంట్లోనే పుట్టింది. పురుషులలో 19 శాతం, స్త్రీలలో 2 శాతం అన్న అంకెలను మరల గమనించండి. ఊపిరితిత్తులు ఇద్దరికీ ఒకటే. తేడా మగతనం గురించి మనం నేర్పే పాఠంలో ఉంది. ఏడేళ్ల పిల్లవాని చేతికి డబ్బులిచ్చి “కొట్టుకు వెళ్లి సిగరెట్టు తీసుకురా” అని పంపిన తండ్రి ఆ పాఠాన్ని మొదలుపెట్టాడు. సినిమా కథానాయకుడు దానిని పూర్తి చేశాడు. 2012 అక్టోబరు నుండి అటువంటి దృశ్యాల అడుగున హెచ్చరిక వేస్తున్నారు. కానీ కుర్రవాని కన్ను హీరో పెదవుల మీద ఉంటుంది, తెర అడుగున ఉండదు. “నేనెలాగూ అలవాటు పడ్డాను, నువ్వు మాత్రం తాగకు” అనే అబ్బా మాటలో కొడుకు మొదటి సగాన్నే వింటాడు.

ఇక బజారు సంగతి. 2003 నాటి చట్టం ప్రకారం విద్యాసంస్థకు 100 గజాల లోపల పొగాకు అమ్మరాదు, 18 ఏళ్లు నిండనివారికి ఎక్కడా అమ్మరాదు. మీ ఊరి కళాశాల గేటు దగ్గర నిలబడి ఎన్ని పాన్ డబ్బాలు కనిపిస్తాయో ఒకసారి లెక్కించండి. అక్కడ సిగరెట్లు విడిగా దొరుకుతాయి. ప్యాకెట్టుకు సరిపడా డబ్బు లేని విద్యార్థి దగ్గర ఒక్కదానికి సరిపడా ఉంటుంది. ప్యాకెట్టుకు ఇరువైపులా 85 శాతం మేర ముద్రించే భయానక చిత్రం ఒక్కటి కొన్నవానికి కనిపించనే కనిపించదు. ఆ డబ్బా నడిపేవారిలో మన సోదరులూ ఉన్నారు. వారి జీవనోపాధిని నేను చులకన చేయడం లేదు. పిల్లలకు అమ్మి తెచ్చిన రూపాయి గురించి మాత్రం వారు ఒంటరిగా కూర్చొని ఆలోచించాలి.

పరీక్షల కాలంలో “టెన్షన్ తగ్గుతుంది” అని యువకులు చెబుతారు. వారు అబద్ధం చెప్పడం లేదు, మోసపోతున్నారు. పీల్చిన నికోటిన్ కొద్ది సెకన్లలోనే మెదడును చేరుతుంది, అంతే త్వరగా తగ్గడం మొదలవుతుంది. తగ్గినప్పుడు చిరాకు, అశాంతి, చదువు మీద మనస్సు నిలవకపోవడం మొదలవుతాయి. తరువాతి సిగరెట్టు తీర్చేది చాలావరకు ఆ అశాంతినే. ముందటి సిగరెట్టు పెట్టిన అప్పును తరువాతి సిగరెట్టు తీరుస్తుంది, తీరుస్తూనే మరో అప్పు పెడుతుంది. వడ్డీ వ్యాపారి వలలో పడినవాని స్థితి ఇది. పైగా సుమారు 25 ఏళ్ల వరకు మెదడు ఎదుగుతూనే ఉంటుంది కనుక, ఈ వయస్సులో పడిన అలవాటు లోతుగా నాటుకుంటుంది.

హుక్కా మన సంస్కృతి అనీ, నీటిలో విషం కడుక్కుపోతుందనీ నమ్మేవారు ఉన్నారు. నీరు పొగను చల్లబరుస్తుంది, విషాన్ని తీసివేయదు. గంటసేపు హుక్కా పీల్చినవాడు ఒక సిగరెట్టు కంటే అనేక రెట్లు పొగను లోపలికి తీసుకుంటాడు. ఎలక్ట్రానిక్ సిగరెట్టునైతే మన దేశంలో 2019లోనే నిషేధించారు.

“అది మక్రూహే కదా, హరామ్ కాదు కదా” అని కొందరు వాదిస్తారు. ఈ వాదానికి ఒక చరిత్ర ఉంది. పొగాకు దైవప్రవక్త (స) కాలంలో అరబ్బు దేశంలో లేదు. మన దక్కను లోని బీజాపూరు నుండి అసద్ బేగ్ దానిని అక్బరు చక్రవర్తి దర్బారుకు తీసుకువెళ్లాడు. 1617లో జహంగీరు దానిని నిషేధించాడు. హాని ఎంతో తెలియని ఆ శతాబ్దాలలో విద్వాంసులు భిన్నాభిప్రాయాలు చెప్పారు. ఊపిరితిత్తుల క్యాన్సరుకు, పొగత్రాగడానికి గల సంబంధాన్ని 1950లో పరిశోధకులు స్పష్టంగా చూపిన తరువాత పరిస్థితి మారింది. నేడు పొగాకు ప్రపంచంలో ఏటా 70 లక్షలకు పైగా ప్రాణాలను తీస్తోంది. అల్-బఖరా సూరాలోని 195వ ఆయతును ఆధారంగా చూపి ఎందరో విద్వాంసులు దీనిని హరామ్ అంటున్నారు. మక్రూహ్ అన్నవారు కూడా దానిని తాగమని అనలేదు.

పెద్దలకు ఒక మనవి. పచ్చి వెల్లుల్లి తిన్నవాడు ఆ వాసనతో మస్జిదుకు రావద్దన్న హదీసును చూపి, సిగరెట్టు వాసన వచ్చిన యువకుణ్ణి సఫ్ నుండి గద్దించి పంపినవారిని నేను చూశాను. ఆ హదీసు తోటి నమాజీలకు కష్టం కలిగించవద్దని చెబుతుంది. దానిని కర్రగా వాడి తరిమితే, ఆ యువకునికి మిగిలేది ఆ హోటలు బల్లే. నోరు శుభ్రం చేసుకొని రమ్మని చెవిలో మెల్లగా చెప్పవచ్చు.

యువ సోదరులారా! రమజానులో సహరీ నుండి ఇఫ్తార్ వరకు మీరు పదమూడు పద్నాలుగు గంటలు సిగరెట్టు లేకుండా ఉంటున్నారు. “నా వల్ల కాదు” అన్న మాట అక్కడే వీగిపోయింది. చిక్కు ఖర్జూరం తిన్న తరువాతి పది నిమిషాలలో ఉంది. ఆ పది నిమిషాలు స్నేహితులతో వీధి చివరకు వెళ్లకుండా, మగ్రిబ్ తరువాత మస్జిదులోనే కూర్చోండి. కోరిక కొన్ని నిమిషాలు ఉధృతంగా ఉండి తగ్గిపోతుంది. కఠినమైన రోజులు మొదటి వారంలోనివి. బ్రిటన్ వైద్యులను 50 ఏళ్లు పరిశీలించి 2004లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, పొగ మానని వారు సగటున పదేళ్ల ఆయుష్షు కోల్పోతారు. ముప్పై ఏళ్ల వయస్సులో మానినవారు ఆ నష్టం నుండి దాదాపు పూర్తిగా తప్పించుకున్నారు. మీకు ఇంకా ఇరవై అయినా నిండలేదు.

ఒంటరిగా మానలేకపోతే వైద్యుణ్ణి సంప్రదించండి. నికోటిన్ గమ్ వంటి సహాయాలు ఉన్నాయి. ప్రభుత్వ ఉచిత సహాయ కేంద్రం నంబరు 1800-11-2356. ఫోను చేయడానికి మొహమాటమైతే నమాజు తరువాత ఆగండి, ఇద్దరం కలిసి చేద్దాం. ఒకసారి మాని మరల మొదలుపెట్టినవాడు కూడా రావచ్చు. ఒకటికి మించిన ప్రయత్నాల తరువాత మానినవారు ఎందరో ఉన్నారు.