నేటి స్త్రీయు, ఆమె చేవ్రాలును

మార్చి నెలలో మహిళా దినోత్సవమునాడు మా ఊరి గ్రంథాలయమున జరిగిన సభకు మేమును పోయియుంటిమి. ఆధునిక స్త్రీ యనగా నెవరు అనునది నాటి చర్చ. స్వయముగా వాహనము నడుపుకొని ఉద్యోగమునకు పోవునామెయే ఆధునిక స్త్రీ యని యొక సోదరి చెప్పెను. మరియొకామె వేషభాషలను గూర్చి ముచ్చటించెను. వయోవృద్ధురాలొకరు ఈ కాలపు పిల్లలకు అణకువ తగ్గినదని నొచ్చుకొనిరి. పిమ్మట శాలువలు కప్పిరి, కాఫీ లిచ్చిరి, సెల్‌ఫోనులతో ఛాయాచిత్రములు తీసికొనిరి, సభ ముగిసెను. ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. 1902లో "హిందూసుందరి" వెలువడిన నాటినుండియు మన పత్రికలలో ఎవరో యొకరు దీనిని అడుగుచునే యున్నారు. అప్పుడు స్త్రీలకు చదువేల యనిరి, పిమ్మట సినిమా లేల యనిరి, నేడు సెల్‌ఫో నేల యనుచున్నారు. మేమును వినినంతసేపు విని యింటికి వచ్చితిమి. ఐతే ఆ వారముననే మా పుట్టినింటినుండి యొక కాగితము వచ్చినది. అది వచ్చిన తరువాత ఆ ప్రశ్న మమ్ము విడువలేదు.

ఆ కాగితము పేరు హక్కు విడుదల దస్తావేజు. మా నాన్నగారు గతించి రెండేండ్లయినది. వారు వీలునామా వ్రాయలేదు. కోనసీమలో తాతముత్తాతల నాటి కొబ్బరితోట ఎకరమున్నర కలదు. నాన్నగారు స్వార్జితముతో కట్టిన పెంకుటిల్లొకటి కలదు. మే మిద్దరన్నదమ్ములకు ఒక్కతె తోబుట్టువులము. దస్తావేజు లేఖరి వ్రాసిన చిత్తును తమ్ముడు తెచ్చి యిచ్చెను. తండ్రిగారి యాస్తియందలి సమస్త హక్కులను మేము ఇష్టపూర్వకముగ, ఎవరి ప్రోద్బలమును లేక, అన్నదమ్ముల పరము చేయుచున్నామని అందు గలదు. దానిని మేము చూడకముందే మా యిష్టము అందులో వ్రాయబడియుండుట మాకు వింతగా దోచినది. వచ్చు నెల మొదటి వారమున సబు రిజిస్ట్రారు కార్యాలయమునకు వచ్చి చేవ్రాలు చేసినచో చాలునని అన్నగారు ఫోనులో చెప్పిరి. వదినగారు మాకొరకు ఉప్పాడ చీరయును తెచ్చి యుంచిరట.

ఇట్టి చేవ్రాళ్లు మన యిండ్లలో ఎన్ని జరుగుచున్నవో చదువరులకు మేము చెప్పవలసిన పని లేదు. మాకు తెలిసిన యువతి యొకామె హైదరాబాదున కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నది. తన కారు తానే నడుపుకొని వచ్చి, ఇట్టి దస్తావేజుపై పది నిమిషములలో చేవ్రాలు చేసి, చీర తీసికొని తిరిగిపోయినది. ఆఫీసులో ఒక్క వాక్యము సరిగా లేకున్న తిప్పి పంపునామె! ఏమి వ్రాసియున్నదమ్మా యని మే మడిగినచో, చదువలేదని నవ్వినది. మరియొక సోదరి ఉపాధ్యాయిని. ఆమె జీతము బ్యాంకున పడినట్లు తెలుపు సందేశము భర్తగారి ఫోనునకు పోవును. ఏటీఎం కార్డు వారి జేబులో నుండును. జీత మెంతయో ఆమె చెప్పగలదు. ఎంత మిగిలినదో చెప్పలేదు. వీరిని మేము నిందించుట లేదు. మేమును ఆ చిత్తును ఒక దినమెల్ల మడత విప్పక భారతము ప్రతిలో పెట్టి యుంచితిమి. విప్పి చదివినచో అన్నగారిని శంకించినట్లగునేమో యను భయ మది.

మరునాడు విప్పితిమి. ఆ పుటలు సభాపర్వములోనివి. అందు ప్రాతికామి వచ్చి పిలిచినపుడు ద్రౌపది వెంటనే ఏడ్వలేదు, శపింపలేదు. ధర్మరాజు ముందుగా తన్నోడెనా, నన్నోడెనా, సభలో అడిగి రమ్మని వానిని తిప్పి పంపినది. అది స్వామ్యమును గూర్చిన ప్రశ్న. తానే తనవాడు కానివాడు మరియొకరి నెట్లు పణము పెట్టును? ధర్మము సూక్ష్మమని భీష్మాచార్యు లంతవారు తప్పించుకొనిరి. కౌరవుల తమ్ములలో వికర్ణు డొక్కడు లేచి ఆమె పక్షమున పలికెను. బాల్యమున మేము ఈ ఘట్టమును చీరల కొరకే కంఠస్థము చేసితిమి కాబోలు, ఆ ప్రశ్నను మాత్రము ముప్పది దాటిన పిమ్మట వింటిమి. తనది కానిదానిని ఒడ్డరాదన్నచో, తనదని యెరుగనిదానిని విడుచుట మాత్రమేమి? మాది యెంతయో తెలియక దానిని ఇష్టపూర్వకముగ ఇచ్చితిమని యెట్లు వ్రాయుదుము?

కావున మాది యెంతయో తెలిసికొనుటకు మొదలిడితిమి.

స్త్రీకి ఆస్తి యనునది పాశ్చాత్యుల యూహ యని సభలలో అనువారు కలరు. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్య వ్రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల కాలమువాడు. స్త్రీధనము కన్నవా రిచ్చిన నగలు మాత్రమే కాదనియు, వారసత్వముచే, క్రయముచే, విభాగముచే వచ్చినదియు స్త్రీధనమే యనియు ఆయన వ్రాసెను. ఆ గ్రంథమును 13వ శతాబ్దమున కేతన తెనుగు చేసెను. తరువాత ఆంగ్లేయుల పాలనలో లండనులోని ప్రీవీ కౌన్సిలువారు, వారసత్వముగా వచ్చినది స్త్రీధనము కాదనియు, ఆమెకు అనుభవమే గాని పూర్ణస్వామ్యము లేదనియు తీర్పులు చెప్పిరి. పూర్వాచార మని మనము తలచునది కొంత ఆ తీర్పుల వలన వచ్చినదే. ఐనను పక్షపాతము లేక చెప్పవలెనన్నచో, కొడుకునకు పుట్టుకతోడనే పితామహుల యాస్తియందు హక్కు గలదనియు, కూతునకు లేదనియు నేర్పినదియు ఆ మితాక్షర సంప్రదాయమే.

ఆ ముడి విప్పుటకు చాలకాలము పట్టినది. హిందూ స్మృతి బిల్లు సాగనందుకు డాక్టరు అంబేద్కరు 1951లో మంత్రిపదవిని విడిచిరి. 1956 నాటి వారసత్వ చట్టము స్త్రీ చేతిలోని ఆస్తిపై ఆమెకు పూర్ణస్వామ్య మిచ్చినది. తండ్రి వీలునామా లేక మరణించినచో ఆయన స్వార్జితమున కూతునకు కొడుకుతో సమానమైన పాలు నిచ్చినది. పితామహుల యాస్తిలో జన్మహక్కు మాత్రము కొడుకులకే మిగిలినది. దానిని కూతునకు మొదట ఇచ్చినది మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5నుండి అమలునకు వచ్చినది. ఆ నాటికే పెండ్లియైన వారికి అది వర్తింపలేదు. మా మేనత్తలందరు అట్లే పోగొట్టుకొనిరి. 2005 సెప్టెంబరు 9నుండి దేశమంతటను పెండ్లియైనను కాకున్నను కూతునకు కొడుకుతోపాటు జన్మహక్కు కలిగినది. ఆ దినమునకు తండ్రి జీవించియుండనక్కరలేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చినది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు దస్తావేజుతోనో, కోర్టు డిక్రీతోనో ముగిసిన పంపకములను మాత్రము తిరుగదోడరాదు. కట్నము ముట్టినంత మాత్రమున కూతురి హక్కు పోదు. నోటిమాటతోను పోదు. స్థిరాస్తిపై హక్కు విడుచుటకు రిజిస్టరు దస్తావేజు కావలెను. అందుచేతనే ఉప్పాడ చీర.

మా యింటివారు ఉన్నత పాఠశాలలో గణితము చెప్పుదురు. లెక్కలు మాత్రము చేసి యిచ్చి, సలహా చెప్పకుండిరి. "నీ పుట్టింటి మాట, నేను నోరు విప్పకూడదు" అనిరి. అది మర్యాదయే. భర్తయు అత్తమామలును ప్రేరేపింపగా పుట్టింటిపై వ్యాజ్యమునకు పోవు సోదరీమణులును కలరు. అచ్చటను ఆమెది చేవ్రాలే, తలపు మరియొకరిది. సరే, లెక్క యిట్లు తేలినది. తోటలో నాన్నగారికి, కొడుకు లిద్దరికి, మాకు నాలుగు సమభాగములు. నాన్నగారి భాగము మరల అమ్మగారికిని బిడ్డలు ముగ్గురికిని నాలుగగును. అనగా మొత్తము 16 పాళ్లలో మాకు 5, అన్నగారికి 5, తమ్మునికి 5. అమ్మగారికి 1. ఇంటిలో నలుగురికిని నాల్గవవంతు.

ఆ 1 దగ్గర మేము చాలసే పాగిపోతిమి. నలువది యేండ్లు ఆ తోటకు నీళ్లు పెట్టించి, దింపు కూలీలకు అన్నము వండి, నాన్నగారు మంచమున నున్న కాలమున కాయల లెక్క వ్రాసినది అమ్మగారు. కూతు రనుటచే మాకు వచ్చిన జన్మహక్కు ఆ యింటికి కోడలుగా వచ్చిన యామెకు రాలేదు. చట్టము మమ్ము ఆధునికుల జేసి, ఆమెను గడప దగ్గర నిలిపినది. అంతకంటె వింత యేమనగా ఆ చిత్తులో హక్కు విడుచువారు ఇద్దరు. రెండవ పేరు అమ్మగారిది. దాని యెదుట లేఖరి "నిశాని" అని వ్రాసి, వేలిముద్రకు చోటు విడిచియుండెను. మాకు భారతమును, పోతన భాగవతమును చెప్పినది ఆమెయే! డెబ్బది యేండ్ల ముదుసలి గదా, అక్షరములు రావని లేఖరి తనంత తానే నిశ్చయించుకొనినాడు కాబోలు. అడిగినవారు లేరు.

అన్నగారి పక్షమునను న్యాయము లేకపోలేదు. అమ్మగారిని చూచుకొనుచున్నది వారు. నాన్నగారి వైద్యమునకు చేసిన అప్పు వారి పేరనే యున్నది. కొబ్బరికి ధర నిలుకడ లేదు. ఇవన్నియు కూర్చుండి లెక్క చూచుకొనిన పిమ్మట మేము మా పాలు విడిచినను విడుతుము, కొంత విడుతుమేమో, అమ్మగారి పేర వ్రాయుదుమేమో. భండారు అచ్చమాంబగారు 1901లో "అబలాసచ్చరిత్ర రత్నమాల" వ్రాయగలిగిరన్నచో, తమ్ముడైన కొమర్రాజు లక్ష్మణరావుగారు తాను చదువుకొనుచు అక్కగారికి చదువు చెప్పుటయు అందులకు కారణము. తోబుట్టువుల నడుమ ఇచ్చిపుచ్చుకొనుటకు ఆస్తి యొక్కటియే కాదు. పుట్టినింటి వాకిలి మూయబడునను భయము మాకును కలదు. పండుగకు పిలుపు రాని సోదరీమణులను చూచితిమి. ఐనను చదువక చేవ్రాలు చేయుటకు మా చేయి రాలేదు.

మొన్న అన్నగారికి ఫోను చేసి, చేవ్రాలుకు ముందు అందరము కూర్చుండి కాగితము చదువుకొందమని చెప్పితిమి. "చదవడానికేముంది చెల్లీ, అందరూ పెట్టే సంతకమే కదా" అనిరి. గొంతులో కోపము కంటె ఆశ్చర్యమే హెచ్చు. తోటలో ఎవరి కెన్ని పాళ్లో చెప్పితిమి. కొంతసేపు మాటలేదు. అమ్మకు ఒక్కటేనా యని మాత్ర మడిగిరి. తరువాత తమ్ముడు ఫోను తీసికొని, తాను లేఖరి యొద్దకు పోయి ఆ "నిశాని" కొట్టివేయింతునని చెప్పెను. సభలో లేచిన వికర్ణుడు జ్ఞప్తికి వచ్చినాడు.

చివరకు ఫోను అమ్మగారి చేతికి వచ్చినది. విషయమంతయు చెప్పితిమి. ఆమె మంచిదనలేదు, చెడ్డదనలేదు. "వచ్చేటప్పుడు ఆ కాగితం మరిచిపోకు. నా కళ్లజోడు కాడ విరిగింది, తమ్ముడిచేత పంపుతాను. అమలాపురంలో బాగుచేయించి తీసుకురా" అనిరి.