భోంగా లేని ఫోన్

షోలాపూర్‌లో 1877లో మొదలైన జూనీ మిల్లు భోంగా మన తాతలు విన్నరు. పాళీ ఎప్పుడు ఎక్కాలో, ఎప్పుడు దిగాలో అదే చెప్పేది. ఇప్పుడు మన చేతుల్లో ఉన్న ఫోన్‌కు ఆ దిగే భోంగా లేదు. ఒక వీడియో అయిపోంగనే ఇంకోటి దానంతటదే వస్తది. దాన్ని తయారు చేసిందే అట్ల. అందుకే "నీకు బుద్ధి లేదు" అని పిల్లల్ని తిట్టుడు నాకు న్యాయం అనిపించదు.

ఈ మాట ఎత్తితే మా గల్లీ ఆడోళ్లు నన్నే అడుగుతరు: వెయ్యి బీడీలు చుట్టేదాకా చంటిదాన్ని ఎవరు పట్టుకుంటరు? నిజమే. ఏడాది లోపు పిల్లలకు తెర అసలే వద్దని, 2 నుంచి 4 ఏండ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ సంస్థకు బీడీల లెక్క ఏం తెలుసు? అయినా బువ్వ తినేటప్పుడు, పండుకునే ముందు ఫోన్ ఇయ్యకుంటే మన బీడీలేం తగ్గవు. అక్కడ మొదలుపెట్టొచ్చు.

మగవాళ్ల సంగతి వేరే. 12 గంటలు సాంచెల చప్పుడులో నిలబడి వచ్చి, పండుకోకుండా ఫోన్ చూసి, మళ్లీ అవే కండ్లతో ఉరికే నాడె దగ్గర చెయ్యి పెట్టుడు ఎంత ప్రమాదమో మీకు చెప్పక్కర్లేదు. "సేఠ్ ఫోన్ చేస్తడు, ఎట్ల బంద్ పెట్టాలె?" అంటడు మా ఆయన. ఫోన్ బంద్ పెట్టొద్దు, డేటా ఒక్కటే తీసెయ్యాలె. రింగ్ మోగుతది, వీడియోలు రావు.

మన పక్కనే ఉన్న సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడ్గావ్‌లో 2022లో ఒక పని చేసిన్రు. సాయంత్రం 7కు గుడి మీద భోంగా మోగితే ఊరంతా టీవీలు, ఫోన్లు బంద్. 8:30కు మళ్లీ మోగుతది. కరోనాలో చదువు కోసమని చేతికొచ్చిన ఫోన్, బడులు తెరిచినా పిల్లల్ని వదలలేదు మరి. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి ఒప్పించిన్రు. నాకు నచ్చింది ఏందంటే, ఆ నియమం పిల్లలకే కాదు, పెద్దలకు కూడా.

మా ఇంట్ల 7 కుదరదు, పాళీ 8కి మారుతది. 9 నుంచి 10 పెట్టుకున్నం. రాత్రి పాళీ వారంలో ఆ గంట పొద్దుటికి జరుగుతది. ఎదురింటి వదినోళ్లు కూడా కలిసిన్రు. భోంగా పని వాళ్ల చిన్నోడిది: రొట్టెల పెనం మీద గరిటెతోని కొడతడు.