ఒక్కో బిడ్డకు ఒక్కో ప్రణాళిక: ఎదుగుదలలో వెనుకబడిన పిల్లలకు సాయం ఎలా రూపొందుతుంది?

రెండేళ్లు నిండినా బిడ్డ మాట్లాడడం లేదని ఎవరైనా అనుమానపడితే, తెలుగు ఇళ్లలో ముందుగా వినిపించే మాట "మగపిల్లాడు కదా, మాటలు ఆలస్యంగానే వస్తాయి" అని. ఆ తర్వాత "వాళ్ల నాన్నకూ మూడేళ్లకే వచ్చాయి" అంటారు. కుటుంబం గుంటూరులో ఉన్నా, ఉద్యోగం కోసం ఢిల్లీ వచ్చి వసంత్ కుంజ్‌లోని డీడీఏ ఫ్లాట్లలో అద్దెకున్నా ఈ ఓదార్పు మారదు. అందులో కొంత నిజం లేకపోలేదు. పిల్లలంతా ఒకే వేగంతో ఎదగరు. మరి ఎంత ఆలస్యాన్ని మామూలుగా తీసుకోవచ్చు? ఎక్కడి నుంచి దాన్ని హెచ్చరికగా చూడాలి?

ఈ ప్రశ్నకు సమాధానంలో కొంత భాగం దక్షిణ ఢిల్లీలోనే దొరికింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు దేశాల్లో జరిపిన శిశు ఎదుగుదల అధ్యయనానికి భారత్‌లో ఎంచుకున్న ప్రాంతం అదే. పోషణకు, ఆరోగ్యానికి లోటు లేని కుటుంబాల పిల్లలను నెలల తరబడి గమనించారు. ఐదు దేశాల్లో 816 మంది పిల్లల కదలికలను నమోదు చేశాక తేలిందేమంటే, ఆధారం లేకుండా నడవడం ఆరోగ్యవంతులైన పిల్లల్లో 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా మొదలుకావచ్చు. పిల్లల్లో 4 శాతానికి పైగా అసలు మోకాళ్లపై పాకకుండానే లేచి నడిచారు. అంటే "మామూలు" అనేది ఒక తేదీ కాదు, ఓ కిటికీ. ఆ కిటికీ పెద్దదే, అయితే దానికీ ఒక అంచు ఉంది. ఏడాదిన్నర దాటినా నడవని బిడ్డను పక్కింటి బిడ్డతో పోల్చి ఊరుకోకుండా వైద్యులకు చూపించాలి.

మాటల విషయంలోనూ ఇలాంటి గుర్తులున్నాయి. ఏడాదికల్లా శబ్దాలతో ఊసులాడకపోవడం, కావాల్సినదాన్ని వేలితో చూపించకపోవడం, 16 నెలలకు ఒక్క పదమైనా పలకకపోవడం, రెండేళ్లకు "అమ్మా రా", "పాలు కావాలి" వంటి రెండు మాటల జతలు సొంతంగా రాకపోవడం. వచ్చిన మాటలు ఏ వయసులో పోయినా ఆలస్యం చేయకూడదు. వీటిలో ఏది కనిపించినా మొదట జరగాల్సింది వినికిడి పరీక్ష. వినబడని బిడ్డకు మాటలు రావు. ఇంత చిన్న సంగతిని వదిలేసి నెలల తరబడి స్పీచ్ థెరపీ చేయించే కుటుంబాలూ ఉన్నాయి.

రాజధానిలోని తెలుగు ఇళ్లలో మరో సందేహం ఉంటుంది. ఇంట్లో తెలుగు, పార్కులో హిందీ, బడిలో ఇంగ్లీషు. ఇన్ని భాషల వల్లే బిడ్డ తికమకపడుతున్నాడని, ఇంట్లో తెలుగు మానేయమని సలహాలు వస్తాయి. పరిశోధనలు దీన్ని సమర్థించడం లేదు. ఆటిజం ఉన్న పిల్లల్లో కూడా రెండు భాషలు వినేవారు ఒకే భాష వినేవారికన్నా వెనుకబడినట్లు కనిపించలేదు. లెక్కించేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం: ఒక్క ఇంగ్లీషు పదాలనే కాక, బిడ్డకు తెలిసిన తెలుగు, హిందీ మాటలన్నీ కలిపి చూడాలి. అమ్మమ్మతో ఫోన్‌లో తెలుగులో కబుర్లు చెప్పే పిల్లవాడు ఇంగ్లీషు పరీక్షలో మౌనంగా ఉంటే, ఆ పరీక్ష కొలిచింది అతడి ఇంగ్లీషునే.

ఈ సమస్యలు అరుదైనవి కావు. పల్వల్, కాంగ్‌డా, ఢేంకనాల్, ఉత్తర గోవా, హైదరాబాద్ ప్రాంతాల్లో 2 నుంచి 9 ఏళ్ల వయసున్న 3,964 మంది పిల్లలను పరీక్షించిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. ఆరేళ్లలోపు పిల్లల్లో సుమారు 9 శాతం మందిలో, 6 నుంచి 9 ఏళ్లవారిలో దాదాపు 14 శాతం మందిలో నాడీ సంబంధ ఎదుగుదల సమస్య ఏదో ఒకటి ఉన్నట్లు అది అంచనా వేసింది. చూపు, వినికిడి లోపాలు, మూర్ఛ, సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం వంటివన్నీ ఇందులో ఉన్నాయి. పెద్ద పిల్లల్లో వీటికి చదువులో ఇబ్బంది, ఏకాగ్రత లోపం కూడా తోడవుతాయి. సమస్య ఉన్న పిల్లల్లో దాదాపు ఐదోవంతు మందికి ఒకటికి మించి ఉన్నాయి.

ఈ చివరి అంకె దగ్గర ఆగి ఆలోచించాలి. రోగానికి పేరు పెట్టడం వేరు, బిడ్డకు ఏం నేర్పాలో తేల్చడం వేరు. "ఆటిజం" అని రాసిన కాగితం ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకడికి మాటలే లేకపోవచ్చు, మరొకడు రైళ్ల పేర్లన్నీ అప్పజెప్పి, బడి గంట మోగితే చెవులు మూసుకోవచ్చు. ఇద్దరికీ ఒకే ప్యాకేజీ అమ్మితే ఒకరికైనా నష్టమే. వ్యక్తిగత విద్యా ప్రణాళిక అనే ఆలోచన పుట్టింది ఇందుకే. అమెరికా 1975లో దాన్ని చట్టంలో చేర్చింది. మన దేశంలో దానికి కావాల్సిన కొలమానాలను ఇక్కడి పిల్లల జీవితానికి తగ్గట్టు తయారుచేసుకున్నారు. మద్రాసులో రూపొందిన ఒక పద్ధతిలో 18 రంగాలు, ఒక్కో రంగంలో 20 చొప్పున 360 పనులు ఉంటాయి. ఒక్కో పనిని బిడ్డ చేయగలడా లేదా అన్నదే ప్రశ్న. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ మేధో వికలాంగుల సాధికారత సంస్థ (1984లో మొదలైంది) రూపొందించిన జాబితా ప్రీప్రైమరీ నుంచి వృత్తిశిక్షణకు ముందు దశ వరకూ మెట్లుగా సాగుతుంది. ఒక మెట్టులోని పనుల్లో 80 శాతం వచ్చాక పైమెట్టు ఎక్కిస్తారు. సొంతంగా తినడం, బట్టలు వేసుకోవడం, డబ్బు గుర్తుపట్టడం, తోటివారితో ఆడుకోవడం అన్నీ అందులో ఉన్నాయి.

ఇప్పుడు ప్రణాళిక చూద్దాం. "ఏకాగ్రత పెంచడం", "సామాజిక నైపుణ్యాలు మెరుగుపరచడం" అని రాసి ఉంటే అది ప్రణాళిక కాదు. ఏకాగ్రత పెరిగిందో లేదో మూడు నెలల తర్వాత ఎవరు చెప్పగలరు? "చొక్కా ఇస్తే పది సార్లలో ఎనిమిది సార్లు ఎవరి సాయం లేకుండా మూడు గుండీలు పెట్టుకుంటాడు" అని ఉంటే అమ్మ కూడా లెక్కపెట్టగలదు. బిడ్డ ఇప్పుడు ఎక్కడ ఉన్నాడు, మూడు నెలల్లో ఎక్కడికి చేరాలి, ఎవరు నేర్పుతారు, ఎలా కొలుస్తారు అన్నవి కాగితంపై ఉండాలి.

నేర్పే పద్ధతిలోనూ ఓ శాస్త్రం ఉంది. చేతులు కడుక్కోవడం పెద్దవాళ్లకు ఒకే పని. దాన్ని విడదీస్తే కుళాయి తిప్పడం, చేతులు తడపడం, సబ్బు రుద్దడం, కడగడం, కుళాయి కట్టేయడం, తుడుచుకోవడం అని ఆరేడు మెట్లు. చాలామంది పిల్లలకు చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పుతారు. మిగతావన్నీ పెద్దవాళ్లు చేయించి, తుడుచుకోవడం మాత్రం బిడ్డకు వదిలేస్తారు. అది వచ్చాక దానికి ముందు మెట్టు. ఇలా చేస్తే ప్రతిసారీ పని పూర్తిచేసింది బిడ్డే అవుతాడు, ఆ గెలుపు మళ్లీ ప్రయత్నించేలా చేస్తుంది. చేయి పట్టి చేయించడం, తర్వాత మోచేతిని తాకడం, ఆపై వేలితో చూపడం, చివరికి మాటతో గుర్తుచేయడం, ఇలా సాయాన్ని మెల్లగా తగ్గిస్తూ పోతారు. తగ్గించడం మరిచిపోతే బిడ్డ నేర్చుకునేది ఆసరా కోసం ఎదురుచూడడమే.

సెంటర్‌లో చేసేది ఇంట్లో చేయకపోవడం ఎంతో మంది తల్లిదండ్రుల ఫిర్యాదు. వారానికి మూడు గంటల థెరపీ తప్ప మిగతా సమయమంతా బిడ్డ గడిపేది ఇంట్లో, బడిలో. అందుకే తల్లిదండ్రులకు నేర్పడంపై పరిశోధకుల దృష్టి పడింది. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ ఆటిజం ఉన్న 65 మంది పిల్లలతో జరిపిన ప్రయోగ ఫలితాలు 2016లో వచ్చాయి. అందులో తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చింది నిపుణులు కాదు, ప్రత్యేకంగా తర్ఫీదు పొందిన సాధారణ ఆరోగ్య కార్యకర్తలు. బిడ్డ చూస్తున్నదాన్ని గమనించి దానికి తగ్గట్టు స్పందించడం తల్లిదండ్రుల్లో పెరిగింది. పిల్లలు తమంతట తాము సంభాషణ మొదలుపెట్టడమూ పెరిగింది. ఇద్దరూ ఒకే వస్తువుపై కలిసి దృష్టి నిలిపే సమయం మాత్రం పెరగలేదు, తగ్గింది. నిజాయితీగా కొలిచిన ఫలితాలు ఇలాగే ఉంటాయి. "వంద శాతం నయం" అనే ప్రకటనలను అనుమానించాల్సింది కూడా ఇందుకే. ఆటిజానికి మూలకణ చికిత్సను సిఫారసు చేయబోమని, దాన్ని ప్రచారం చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. అప్పు చేసి ఆ ఇంజెక్షన్ల వైపు వెళ్లే కుటుంబం డబ్బుతోపాటు, బిడ్డ మెదడు చురుగ్గా నేర్చుకునే ఏళ్లను కూడా పోగొట్టుకుంటుంది.

మాటలు బాగా వచ్చి, ఆటల్లో చురుగ్గా ఉండి, చదవడం దగ్గరే ఆగిపోయే పిల్లల సంగతి వేరు. తెలుగు, కన్నడ లిపుల్లో గుణింతాలు, ఒత్తులు కలిపి వందలాది రూపాలు నేర్చుకోవాలి. మామూలు పిల్లలకే ఇది మూడు నాలుగు తరగతుల దాకా సాగుతుంది. కాబట్టి ఇంగ్లీషు పిల్లల కోసం చేసిన పరీక్షతో మన పిల్లల డిస్లెక్సియాను తేల్చడం సరికాదు. గురుగ్రామ్ దగ్గర మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం భారతీయ భాషల కోసం ప్రత్యేక పరీక్షలు తయారుచేసింది. మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లో వచ్చాయి. నిర్దిష్ట అభ్యసన వైకల్యానికి ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండాకే ఇవ్వాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. ధ్రువపత్రానికి ఆగాలి సరే, సాయానికి ఆగమని ఎవరూ చెప్పలేదు. ఒకటో తరగతిలోనే అక్షరాలు, శబ్దాలు కలిపే సాధన మొదలుపెట్టవచ్చు.

ఇక ఎక్కడికి వెళ్లాలి? ఢిల్లీలో ఎయిమ్స్ పిల్లల నాడీ విభాగం, ఐటీఓ దగ్గరి పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జాతీయ సంస్థ ఉన్నాయి. అన్ని రకాల వైకల్యాలనూ ఒకేచోట చూసే 14 తొలి జోక్య కేంద్రాలను కేంద్రం 2021 జూన్‌లో ప్రారంభించింది. వాటిలో ఢిల్లీది ఒకటి, సికింద్రాబాద్‌ది ఒకటి. పిల్లలను పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకూ పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది, దాని కింద జిల్లా కేంద్రాలు పనిచేస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో మండల స్థాయిలో భవిత కేంద్రాలు ఉన్నాయి. ప్రైవేటు సెంటర్‌లో చేర్చే ముందు అక్కడి థెరపిస్టుకు, స్పెషల్ ఎడ్యుకేటర్‌కు భారత పునరావాస మండలి నమోదు సంఖ్య ఉందా అని అడగడం మొహమాటపడే విషయం కాదు. అది తల్లిదండ్రుల హక్కు.

బడిలో హక్కులు ఇంకాస్త బలమైనవి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హామీ ఇచ్చింది. ప్రాథమిక స్థాయిలో పదిమంది పిల్లలకు, ఆపై స్థాయిలో పదిహేను మందికి ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలని సుప్రీంకోర్టు 2021లో నిర్దేశించింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి లక్ష రూపాయల వరకూ వర్తించే నిరామయ ఆరోగ్య బీమా థెరపీ ఖర్చునూ భరిస్తుంది.

ఉద్యోగ బదిలీతో కుటుంబం ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కో, విశాఖకో మారినప్పుడు కొత్త బడి మళ్లీ మొదటి నుంచి పరీక్షలు పెడుతుంది. ఆర్నెల్లు అలాగే పోతాయి. యూడీఐడీ కార్డు దేశమంతటా చెల్లుతుంది కాబట్టి దాన్ని ముందే తీసుకోవాలి. దాంతోపాటు చివరి రెండు ప్రణాళికలు, ఏ లక్ష్యం ఏ తేదీకి ఎంతవరకు వచ్చిందో రాసిన పట్టిక, బిడ్డకు ఏ భాషలో ఏం అర్థమవుతుందో చెప్పే ఒక పేజీ, పాత థెరపిస్టు ఫోన్ నంబరు ఒకే ఫైల్లో ఉంటే, కొత్త టీచరు మొదటి వారంలోనే నాలుగో గుండీ నుంచి మొదలుపెట్టగలరు.